నా క్యారియర్‌లో నా బిడ్డ బువ్వ

నాకు మొదటిసారి తేడా కొట్టింది సమ్మె మొదలైన నాలుగో రోజున. తెలంగాణ కోసం గనులన్నీ బంద్ పెట్టి, మేమంతా పొద్దున టెంట్ల కింద, మిగతా పొద్దంతా ఇళ్ళలో కూర్చున్న రోజులవి. ఆ మధ్యాహ్నం టెంటు నుంచి ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాను. పగటిపూట ఇంట్లోవాళ్ళతో కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. మా అమ్మాయి స్రవంతిని కూడా రమ్మని పిలిచాను. తిన్నానంది. సరే, నేనే వడ్డించుకుందామని గిన్నె మూత తీస్తే అన్నం వండింది వండినట్టే ఉంది. ఎవరూ గంటె పెట్టలేదు. కూర కూడా అంతే.

ఎప్పుడు తిన్నావని అడిగితే పొద్దున అమ్మతో తిన్నానని చెప్పింది. నా భార్య సరోజన అంగన్‌వాడీ టీచర్. సాయంత్రం ఆమె రాగానే అడిగాను. "బాపు టెంటు కాడికెళ్ళి వచ్చినంక కలిసి తింటమన్నది గదా" అంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు దాకా మా ఇద్దరికీ ఆ ప్రశ్న ఒకరినొకరం అడగాలని తోచలేదు.

గని ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నేను గోదావరిఖనిలో ఒక భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్‌ని. నా షిఫ్టులో నా కింద పనిచేసే వాళ్ళందరి ప్రాణాలకు నేనే జవాబుదారీ. పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు విని గట్టిగా ఉందో బోలుగా ఉందో చెప్పడం నా పని. ఒక వారం ఫస్ట్ షిఫ్టు, ఒక వారం సెకండ్ షిఫ్టు, ఒక వారం నైట్. మా కాలనీల్లో ఎవరి ఆకలి వాళ్ళ షిఫ్టు ప్రకారం ఉంటుంది. నేను తినేటప్పుడు సరోజన డ్యూటీలో ఉంటుంది, ఆమె తినేటప్పుడు నేను నిద్రలో ఉంటాను. పిల్ల నాతో తిన్నదని ఆమె, ఆమెతో తిన్నదని నేను. ఇలా పది నెలలు గడిచిపోయాయి.

ఇక క్యారియర్ సంగతి. డిగ్రీ రెండో ఏడులో ఉండగా నా క్యారియర్ తనే కడతానని స్రవంతి పట్టుబట్టింది. ఫస్ట్ షిఫ్టు వారమైతే పొద్దున ఐదింటికే లేచి కట్టేది. తల్లికి కాస్త కన్ను మూసుకునే తీరిక దొరికింది. ఆ క్యారియర్ రోజురోజుకూ బరువెక్కుతూ వచ్చింది. నాతో పనిచేసే పోశం గని లోపల తిండి వేళకు నా పక్కన చేరేవాడు. "సర్దార్, ఇది ఒక్కని బువ్వ కాదు, ఇద్దరిది" అనేవాడు. నా బిడ్డకు నా మీద ప్రేమ అలాంటిదని కాలర్ ఎగరేసుకునేవాణ్ణి. ఇద్దరం కడుపునిండా తినేవాళ్ళం. నిజంగానే అది ఇద్దరి బువ్వ. నాది, నా బిడ్డది. గనిలో కూర్చుని ఆమె తిండి నేను తిన్నాను, మిగిలింది దోస్తుకు పెట్టాను. ఈ మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అంతకుముందు ఏమీ కనపడలేదా అంటే, కనపడింది. కానీ ప్రతిదానికీ మా దగ్గర ఒక మంచి సాకు ఉండేది. శనివారం ఒక్కపొద్దు ఉంటానంటే భక్తి అనుకున్నాం. తర్వాత మంగళవారం కూడా కలిసింది. జుట్టు ఊడుతుంటే గోదారి నీళ్ళకు మా ఊళ్ళో అందరికీ ఊడుతుంది అనుకున్నాం. ఎండలకు రోడ్డు మీద తారు కరిగే మా ఊళ్ళో, మే నెలలో ఫ్యాను ఆపి దుప్పటి కప్పుకుంటే పిల్లకు నీరసం అనుకున్నాం. చుట్టాలైతే మెచ్చుకున్నారు. సన్నబడి హీరోయిన్‌లా ఉందన్నారు. ఏం చేసిందో చెప్పమని కాలనీలో ఆడవాళ్ళు అడిగారు. నేనూ మురిసిపోయాను. నా భార్య నెలకోసారి అంగన్‌వాడీ పిల్లలను తూకం వేసి ఎవరు బక్కచిక్కిపోతున్నారో రిజిస్టరులో రాస్తుంది. నేను రాయి చప్పుడు విని ప్రమాదం చెప్తాను. మా ఇద్దరి కళ్ళ ముందే మా పిల్ల కరిగిపోయింది.

ఆ నాలుగో రోజు తర్వాత నేను చేసిన మొదటి పని తప్పు పని. ఇంత చిక్కిపోయిందంటే టీబీ అని తీర్మానించుకున్నాను. బొగ్గు దుమ్ములో బతికే మాకు చిక్కిపోవడం అంటే మొదట తోచేది ఊపిరితిత్తులే. మా నాయన అలాగే దగ్గి దగ్గి పోయాడు. పిల్లను కంపెనీ దవాఖానకు తీసుకుపోయి కళ్ళె పరీక్ష చేయాలని, ఎక్స్‌రే తీయాలని నేనే డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ఓపికగా అన్నీ రాసింది. ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. కళ్ళెలో ఏమీ లేదు. హిమోగ్లోబిన్ చాలా తక్కువ. బీపీ చూసి, మళ్ళీ చూసి, పిల్లను బయట కూర్చోమని పంపింది.

"ఇది టీబీ కాదండీ. ఈ అమ్మాయి తిండి తినడం లేదు" అంది.

నాకు రోషం వచ్చింది. మా నాయన కరువుకు ఊరు వదిలి గనికి వచ్చాడు. కడుపుకు చాలక వచ్చినవాడి కొడుకుని నేను. నా ఇంట్లో తిండికి కొదువ లేదని, బియ్యం బస్తా ఎప్పుడూ అడుగు కనపడదని ఆమె మీదికే లేచాను. ఆమె విన్నది. "మీ ఇంట్లో బియ్యం లేవని నేననలేదు" అంది. ఇది మనసుకు సంబంధించిన జబ్బు కావచ్చని, వెంటనే సైకియాట్రిస్ట్‌కు చూపించమని రాసిచ్చింది. ఈసీజీ కూడా రాసింది. మరుసటి రోజు తీయిద్దామని ఆ చీటీ జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చాను. పిచ్చి డాక్టర్ దగ్గరికి ఆడపిల్లను తీసుకుపోతే నలుగురూ ఏమంటారని నా భయం. పక్క క్వార్టర్ల వాళ్ళు గాలి సోకిందంటే సరోజన తాయెత్తు కట్టించింది. నేను ఆపలేదు.

ఆ వారం రోజులు మా ఇల్లు ఇల్లులా లేదు. కంచం ముందు పెట్టి తినమని కేకలు వేశాను. ఒకరోజు దవడ పట్టుకుని ముద్ద నోట్లో కుక్కాను. ఆమె మింగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతూ అలాగే నన్ను చూస్తూ కూర్చుంది. చిన్నప్పుడు నా వేలు పట్టుకుని బడికి వచ్చిన పిల్ల నన్ను చూసి భయపడింది. ఆ రోజు నా మీద నాకే అసహ్యం వేసింది.

సద్దుల బతుకమ్మ నాడు కాలనీ ఆడవాళ్ళంతా గ్రౌండులో ఆడుతున్నారు. స్రవంతి కూడా పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. రెండు చుట్లు తిరిగి కూలబడిందట. నేను పరుగెత్తేసరికి సరోజన ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. ఎత్తుకున్నాను. చీర బరువే తప్ప పిల్ల బరువు నాకు తెలియలేదు. దవాఖానలో ఈసీజీ తీశారు. అదే డాక్టరమ్మ వచ్చి పల్స్ చూసి, నా చేతిలో మడతపడి ఉన్న చీటీ చూసింది. పొటాషియం పడిపోయిందని, గుండె కొట్టుకోవడం బాగా తగ్గిపోయిందని, ఇక్కడ ఉంచలేమని చెప్పి హైదరాబాద్‌కు రెఫర్ చేసింది. అంబులెన్స్‌లో ఐదు గంటలు. దారి పొడుగునా సరోజన పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది.

హైదరాబాద్‌లో ఐసీయూలో పెట్టారు. అక్కడి పెద్ద డాక్టర్ మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "ఒంట్లో కొవ్వు అయిపోయాక శరీరం కండను తింటుంది. గుండె కూడా కండే కదా" అన్నాడు. జబ్బు పేరు ఎనోరెక్సియా నెర్వోసా. ఆ పేరు పలకడం నాకు వారం రోజులకు గానీ రాలేదు. పిల్ల బతుకుతుందా అని అడిగితే, ఈ వారం గడవనివ్వండి అన్నాడు.

ఆ వారంలో నాకు పిచ్చెక్కించిన మాట ఇంకొకటి ఉంది. ఇప్పుడు ఆమెకు ఎక్కువ తిండి పెట్టకూడదట. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి ఇస్తే గుండె ఆగిపోవచ్చని, దాన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారని చెప్పారు. ముక్కులో ట్యూబ్ వేసి చుక్క చుక్కగా పోశారు. రోజూ రక్తం తీసి చూశారు. తినక చచ్చిపోతున్న బిడ్డకు తినిపిస్తే చచ్చిపోతుందంటే ఏ తండ్రికైనా ఎలా అర్థమవుతుంది? సరోజన ఇంటి నుంచి చేసి తెచ్చుకున్న నువ్వుల లడ్డూలు సంచిలోనే ఉండిపోయాయి.

ఐసీయూ నుంచి వార్డుకు మార్చాక సైకియాట్రిస్ట్ వచ్చింది. నెమ్మదైన మనిషి. పిల్లతో గంటసేపు మాట్లాడి, తర్వాత నన్ను పిలిచి, ఇంట్లో కంప్యూటర్ ఉందా, అందులో ఏం చూస్తుందో మీకు తెలుసా అని అడిగింది. ఉంది. చదువుకోసమని నేనే కొనిచ్చాను. రాత్రింబవళ్ళు దాని ముందు కూర్చుంటే బాగా చదువుతోందనుకున్నాను. "ఒక్కసారి చూడండి. చూసి కోపం తెచ్చుకోకండి" అంది.

అప్పటికి సమ్మె ముగిసింది. సెలవు పెట్టడానికి ఇంటికి వచ్చినప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పాస్‌వర్డ్ అడగలేదు. తెరవగానే ఇంటర్నెట్‌లో ఒక గుంపు కనపడింది. బరువు తగ్గాలనుకునే తెలుగు అమ్మాయిల గుంపు. ఎవరి పేర్లూ అసలు పేర్లు కావు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. పొద్దున కూర్చున్నవాణ్ణి చీకటి పడేదాకా లేవలేదు.

మొదట్లో మామూలు మాటలే. నడక, కూరగాయలు, అలాంటివి. పోను పోను తిండి అంటేనే పాపం అన్నట్టు రాసుకున్నారు. ఎవరైనా తిన్నానని చెప్తే మిగతావాళ్ళు ఛీ కొట్టేవాళ్ళు. తినలేదని చెప్తే పొగిడేవాళ్ళు. కళ్ళు తిరిగాయని ఒకమ్మాయి రాస్తే శభాష్ అన్నారు. ఇంట్లో అమ్మానాన్నలు తినమంటే వాళ్ళు శత్రువులు. పిల్లల రాతలే అవన్నీ. పెద్దవాళ్ళెవరూ లేరు. గనిలో నేర్చుకునేవాడికి ఒక సర్దార్ ఉంటాడు, ఆపేవాడు ఉంటాడు. అక్కడ ఆపేవాళ్ళు ఒక్కరూ లేరు.

నా బిడ్డ ఆ గుంపులో రాసిన మొదటి మాట వెతికి చదివాను. "ఇవాళ పెళ్ళిలో మా బాపు అందరి ముందు నన్ను చూసి నవ్వాడు. ఇక నుంచి నేనంటే ఏంటో చూపిస్తా." అంతే ఉంది. ఏ పెళ్ళి అని ఆలోచించాను. మంచిర్యాలలో మా చెల్లె బిడ్డ పెళ్ళి. వడ్డన దగ్గర స్రవంతి రెండోసారి వేయించుకుంటుంటే మా బావ ఏదో అన్నాడు. నేను ఊరుకుంటే పోయేది. మేం గని లోపలికి దిగడానికి మ్యాన్ రైడింగ్ అని తాడుకు వేలాడే కుర్చీలు ఉంటాయి. "గీమె ఎక్కితే మ్యాన్ రైడింగ్ తాడు తెగుతది బావా" అన్నాను. బంతిలో కూర్చున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను. ఇంటికి వచ్చేసరికి ఆ మాట మర్చిపోయాను కూడా.

అది చదివి బాత్రూంలోకి పోయి ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చదివాను, ఎందుకంటే ఇంకా ఉంది. ఆ తర్వాతి నెలల్లో నా బిడ్డ ఆ గుంపులో పెద్ద అయిపోయింది. చిన్నపిల్లలు ఆమెను అక్కా అని పిలిచి, ఏ రోజు ఏం తిన్నారో ఆమెకు లెక్క ఒప్పజెప్పేవాళ్ళు. ఆమె మెచ్చుకుంటే పండగ. ఎవరైనా ఆకలికి ఆగలేకపోయామంటే ఆమె మాటలు కొరడాలా ఉన్నాయి. "నోరు కట్టుకోలేనిదానివి మా మధ్య ఎందుకు?" అని రాసింది ఒకమ్మాయికి. ఇది నా బిడ్డేనా అనిపించింది. ఇంట్లో చీమకు కూడా హాని చేయని పిల్ల. జబ్బు ఆమెను కరిగించింది ఒక్కటే కాదు, ఆమె చేత ఇంకొకరిని కూడా కరిగింపజేసింది.

ఆమె దవాఖానలో పడ్డ సంగతి గుంపుకు ఎలాగో తెలిసింది. దాని కింద వరుసగా అభినందనలు. అక్క గెలిచింది అని ఒకరు. నాకెప్పుడు ఆ అదృష్టం అని ఇంకొకరు. రాని ఇంగ్లీషు అక్షరాలు వెతుక్కుని వెతుక్కుని రాశాను. నేను ఈమె తండ్రినని, ఈమె గెలవలేదని, ముక్కులో గొట్టంతో పడి ఉందని, గుండె ఆగిపోయేలా ఉందని, మీరంతా లేచి వెళ్ళి మీ అమ్మ దగ్గర అన్నం తినండని రాశాను. పది నిమిషాల్లో నా రాత తీసేశారు. నన్ను, అంటే నా బిడ్డ పేరును, గుంపులోంచి బయటికి నెట్టేశారు.

మరుసటి రోజు పొద్దున బయల్దేరేముందు మళ్ళీ చూస్తే ఒకే ఒక్క ఉత్తరం వచ్చి ఉంది, విడిగా. ఆ అమ్మాయి ఎవరో, ఏ ఊరో తెలియదు. "అంకుల్, అక్క నిజంగా చనిపోతుందా? నేను ఏం తిన్నా ముందు అక్కనే అడిగేదాన్ని. ఇప్పుడు నేను తినొచ్చా?" అని ఉంది.

"తిను బిడ్డా. ఇప్పుడే తిను. మీ అమ్మను లేపి చెప్పు" అని రాశాను. మా ఇంటి ఫోన్ నంబరు కూడా రాశాను. జవాబు రాలేదు.

ఐదు వారాల తర్వాత స్రవంతిని ఇంటికి పంపారు. ఆ ఉత్తరం సంగతి ఇప్పుడే ఆమెకు చెప్పొద్దని సైకియాట్రిస్ట్ చెప్పింది. నేను ఇంకో అడుగు ముందుకేసి కంప్యూటర్ వైర్లన్నీ పీకి అటక మీద పెట్టాను. పీడ విరగడయిందనుకున్నాను. అదీ తప్పే. నా తమ్ముడి కొత్త ఫోన్‌లో ఆమె తన ఉత్తరాల పెట్టె తెరిచి ఆ ఉత్తరం చూసింది. నా జవాబు చూసింది. దాని కింద ఖాళీ చూసింది. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ తిండి మానేసింది. ఈసారి సన్నబడాలని కాదు. తనకు తినే హక్కు లేదని. రెండు నెలల్లో కూడబెట్టింది పదిహేను రోజుల్లో పోయింది. మళ్ళీ అడ్మిట్ చేశాం, మళ్ళీ ట్యూబ్ వేశారు. ఇంత చేసి తెచ్చుకున్నది చేజారుతుంటే సరోజన వార్డు మెట్ల మీద కూర్చునేది.

ఆ రెండో అడ్మిషన్‌లో సైకియాట్రిస్ట్ ఆ ఉత్తరాన్ని పిల్ల ముందే పెట్టింది. ఆ అమ్మాయికి నువ్వేం చెప్పాలనుకుంటున్నావని అడిగింది.

"తినుమని చెప్పాలె" అంది స్రవంతి. "నేను తినకుంట ఎట్ల చెప్త?"

ఆ రోజు గ్లాసెడు పాలు తాగి, నా ఫోన్‌లోంచి ఆ అమ్మాయికి రాసింది. "నేను ఇవాళ పాలు తాగాను. నువ్వు కూడా తాగు." డాక్టర్ ఒప్పుకుంది. ఇంకే గుంపూ వద్దు, ఇది ఒక్కటే అంది. ఇంటికి వచ్చాక కూడా రోజూ రాసేది. ఇవాళ ఇడ్లీ తిన్నాను, ఇవాళ పెరుగన్నం తిన్నాను, నువ్వు తిను. అబద్ధం రాయనని ఒట్టు పెట్టుకుంది కాబట్టి, రాయడానికైనా తినేది. ఐదు నెలలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు. ఆ అమ్మాయి బాగుపడి ఆ పేరు వదిలేసిందో, లేక ఏమయిందో మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఈలోగా నేను మేనేజరు దగ్గరికి పోయి, సిగ్గు వదిలి సంగతంతా చెప్పి, పర్మనెంట్‌గా ఫస్ట్ షిఫ్టు ఇమ్మని అడిగాను. ఇచ్చాడు. పొద్దున సరోజన, రాత్రి నేను, స్రవంతితో కూర్చుని తినేవాళ్ళం. ఇంట్లో ఇలా కూర్చుని తినడం పెళ్ళయ్యాక అదే మొదలు. మధ్యాహ్నం ఒక్కపూట మాత్రం ఆమె ఒక్కతే. అది ఆమెకు గండంలాంటి పూట.

పోయిన ఎండాకాలం ఒకరోజు నేను పనిలో ఉండగా గని లోపల ఫోన్ మోగింది. పైనుంచి ఒక మనిషి పేరు పెట్టి లోపలికి ఫోన్ వచ్చిందంటే మాకు చెడ్డ వార్త కిందే లెక్క. పోశం రిసీవర్ నా చేతికిచ్చి పక్కకు జరిగి నిలబడ్డాడు. అవతల హాజరు క్లర్క్.

"సర్దార్ సాబ్, నీ బిడ్డ ఫోన్ చేసింది. అన్నానికి రమ్మంటున్నది. గీ ముచ్చటకు లోపటికి ఫోన్ ఏందమ్మా అన్న. బాపుకు సమజైతది అన్నది" అని నవ్వాడు.

ఆమె తినలేకపోతోందని నాకు అర్థమైంది. బదులు మనిషి రాకుండా సర్దార్ తన జాగా వదలకూడదు. నా పైన ఉండే ఓవర్‌మెన్‌కు చెప్పాను. ఆయనకు మా ఇంటి సంగతి తెలుసు. "నేనున్న, నువ్వు పో" అన్నాడు. ఒళ్ళు కడుక్కోకుండానే ఇంటికి వచ్చాను. వంటగదిలో కంచం ముందు కూర్చుని ఉంది. అన్నం కలిపి పెట్టుకుంది, చల్లారి గట్టిపడిపోయింది.

"రెండు గంటలసంది కూసున్న బాపు. చెయ్యి లేస్తలేదు" అంది. ఆ రోజు ఆమె రాద్దామని చూస్తే ఆ అమ్మాయి పేరే కనపడలేదట. ఖాతా మొత్తం మాయమైపోయిందట. "ఆ పిల్ల ఉన్నదా బాపు?"

ఉందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. "నాకు తెల్వది బిడ్డా" అన్నాను. చేతులు కడుక్కుని, ఇంకో కంచంలో అన్నం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. తినమని అనలేదు. నేను తినడం మొదలుపెట్టాను. నా మొహం నిండా బొగ్గు, ఆమె మొహం నిండా కన్నీళ్ళు. చాలాసేపటికి ఆమె ఒక ముద్ద తీసుకుంది. ఏడుస్తూనే నమిలింది. సగం కంచం తినేసరికి సాయంత్రమైంది.

స్రవంతి ఇప్పుడు ఒక ఏడాది వెనకబడి డిగ్రీ ఆఖరి పరీక్షలకు చదువుతోంది. డెక్సా స్కాన్ చూసిన డాక్టర్, ఎముకలు అరవై ఏళ్ళ మనిషివిలా ఉన్నాయన్నాడు. నెలసరి ఇంకా సరిగా రావడం లేదు. మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. పూర్తిగా నయమైందా అని అడిగితే, ఐదేళ్ళయినా జాగ్రత్తగా ఉండాలి అంటుంది సైకియాట్రిస్ట్. కొన్ని రోజులు తింటుంది. కొన్ని రోజులు చెయ్యి లేవదు. తేడా అల్లా, చెయ్యి లేవనప్పుడు ఇప్పుడు దాచుకోదు. ఫోన్ చేస్తుంది.

ఇది చదివే అమ్మానాన్నలకు నేను చెప్పగలిగింది ఒక్కటే. తిన్నావా అని అడిగి ఊరుకోకండి. నేను పది నెలలు రోజూ అడిగాను, రోజూ తిన్నాననే చెప్పింది. ఏ షిఫ్టు చేసినా సరే, రోజుకు ఒక్కపూట మీ కంచం తీసుకుపోయి పిల్లల పక్కన కూర్చోండి. వాళ్ళ నోట్లోకి పోయే ముద్దను మీ కళ్ళతో చూడండి.